తాటి కుటుంబపు చెట్లలో పుప్పొడి ఎలా తయారవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కొబ్బరి, తాడి, ఈత, ఖర్జూరం, పోక, ఆయిల్ పామ్, ఉప్పునీటి బురదల్లో పెరిగే నీపా, పేము తీగలు అన్నీ ఒకే కుటుంబానివి. ఇందులో సుమారు 2,600 జాతులు ఉన్నాయి. వీటి పుప్పొడి గురించి వచ్చే ప్రశ్నల్లో చాలావరకు పూత విచ్చాక ఏం జరుగుతుందన్న దాని మీదే ఉంటాయి. నిజానికి పూత విచ్చేసరికే పని దాదాపు పూర్తయిపోయి ఉంటుంది. అందుకే కింది జవాబులు కంటికి కనబడని దశల దగ్గర ఎక్కువసేపు ఆగుతాయి.

పుప్పొడి రేణువంటే మగ బీజకణమేనా?

కాదు. ఈ పొరపాటు పాఠ్యపుస్తకాలు చదివినవాళ్లలోనూ కనిపిస్తుంది. రేణువు మగ బీజకణం కాదు, మగ బీజకణాలను తయారుచేసి మోసుకుపోయే ఒక బుల్లి మొక్క. తాటి కుటుంబంలో పరాగకోశం (పుప్పొడి తయారయ్యే తిత్తి) నుంచి బయటపడే రేణువులో సాధారణంగా రెండే కణాలు ఉంటాయి. పెద్దది శాకీయ కణం, దాని లోపల ఒదిగి ఉన్న చిన్నది ఉత్పాదక కణం. అసలైన రెండు మగ బీజకణాలు ఆ చిన్న కణం చీలితే వస్తాయి. అది కూడా రేణువు ఆడ భాగపు కొన అయిన కీలాగ్రం మీద వాలి, దాని నుంచి పరాగనాళమనే సన్నని గొట్టం మొలిచిన తరవాతే.

చెట్టులో పుప్పొడి తయారీ ఎప్పుడు మొదలవుతుంది?

అనుకున్నదానికంటే చాలా ముందు. కొబ్బరిలో పూగుత్తి తొలి మొలక మొవ్వులో, ఇంకా విచ్చని ఆకుల చంకల్లో (ఆకు కాండాన్ని కలిసే సందుల్లో) ఏర్పడినప్పటి నుంచి, దాని తొడుగు పగిలి పూత బయటపడేదాకా సుమారు 32 నెలలు పడుతుంది. మగ, ఆడ పూల మొలకలు విడివిడిగా గుర్తుపట్టేంతగా తయారయ్యేది పూత విచ్చడానికి ఏడాది ముందు. పుప్పొడి కణాల విభజన మాత్రం చివరి వారాల్లో జరిగే పని.

ఈ లెక్క తెలియకపోతే కారణాలు తప్పుగా వెతుకుతాం. ఈ నెల పూత పలచగా వచ్చిందంటే ఈ నెల వాతావరణాన్ని తిట్టుకుంటాం. కారణం నిరుడో, అంతకు ముందు ఏడాదో పడిన కరువు కావచ్చు. ఆయిల్ పామ్‌లో ఇది మరీ స్పష్టం. ఒక్కో ఆకు చంకలో మొలిచే పూగుత్తి మగదవుతుందా ఆడదవుతుందా అన్నది అది విచ్చడానికి దాదాపు రెండేళ్ల ముందే తేలిపోతుంది. ఆ సమయంలో చెట్టు నీటి ఎద్దడిలో ఉన్నా, ఆకులు ఎక్కువగా కొట్టేసినా మగ గుత్తుల వైపు మొగ్గుతుంది. పుప్పొడి పుష్కలంగా, గెలలు తక్కువగా ఉన్న కాలం వచ్చిందంటే రెండేళ్ల కిందటి కష్టం ఇప్పుడు బయటపడుతోందన్నమాట.

పుప్పొడి పువ్వులో ఏ భాగంలో తయారవుతుంది?

కేసరం చివర ఉండే పరాగకోశంలో. కోశాన్ని అడ్డంగా కోసి చూస్తే నాలుగు గదులు కనిపిస్తాయి. ప్రతి గది చుట్టూ వరుసగా పొరలు ఉంటాయి. అన్నిటికంటే బయట బాహ్యచర్మం, దాని కింద ఎండోథీసియం, తరవాత త్వరగా నలిగిపోయే మధ్య పొరలు, లోపలి అంచున టపెటం. ఈ నాలుగూ కాపు కాస్తుంటే మధ్యలో పుప్పొడికి మూలమైన మాతృకణాలు పెరుగుతాయి.

కేసరాల సంఖ్య చాలా జాతుల్లో ఆరే. కానీ ఈ కుటుంబానికి మినహాయింపులంటే సరదా. నీపాలో మూడే కేసరాలు, అవీ ఒకే కాడగా అతుక్కుని ఉంటాయి. దక్షిణ అమెరికాలో పెరిగే ఫైటెలెఫాస్ అనే తాటి బంధువు మగ పూలలో అవి వందల్లో ఉంటాయి. కొన్ని పూలలో 900 దాటాయి.

టపెటం గురించి అంతగా ఎందుకు చెబుతారు?

పుప్పొడి బాగోగులన్నీ దాని చేతిలో ఉంటాయి కాబట్టి. మాతృకణాలకు చెట్టుతో నేరుగా సంబంధం తెగిపోయాక వాటికి తిండి అందించేది టపెటమే. రేణువు గోడకు కావలసిన ముడిసరుకు తయారుచేసేది, నాలుగేసి కణాలు అంటుకుని ఉన్న గుంపును విడదీసే ఎంజైమును వదిలేది కూడా అదే. ఇన్ని పనులు చేసి, చివరికి తనను తాను కరిగించుకుని, మిగిలిన నూనె పదార్థాన్ని రేణువుల మీద పూతగా వదిలిపోతుంది.

ఇక్కడ కీలకం వేళ. టపెటం తొందరపడి ముందే చచ్చిపోతే రేణువులు ఆకలితో ముడుచుకుపోతాయి. చావాల్సిన సమయానికి చావకుండా ఉబ్బి కూర్చున్నా అంతే నష్టం. పుష్పించే మొక్కల్లో మగ వంధ్యత్వం అని పిలిచేదానిలో పెద్ద వాటా ఈ ఒక్క పొర వేళ తప్పడం వల్లనే వస్తుంది.

మాతృకణం నుంచి రేణువు ఎలా వస్తుంది?

మాతృకణం ముందుగా తన చుట్టూ కాలోస్ అనే పదార్థంతో మందమైన గోడ కట్టుకుంటుంది. ఆ గోడ లోపల క్షయకరణ విభజన జరుగుతుంది. క్రోమోజోముల సంఖ్య సగమై నాలుగు కణాలు వస్తాయి. కొబ్బరి, పోక, ఆయిల్ పామ్ మూడింటి మామూలు కణాల్లోనూ 32 క్రోమోజోములు ఉంటాయి, పుప్పొడిలో 16. ఖర్జూరంలో 36, పుప్పొడిలో 18. మడగాస్కర్ అడవుల్లో పెరిగే వోనియోలా అనే కొబ్బరి బంధువుకు ఏకంగా 600 దరిదాపుల్లో క్రోమోజోములు ఉన్నాయి. ఏకదళబీజాల్లో తెలిసినవాటిలో ఇదే ఎక్కువ. అన్ని క్రోమోజోములను సరిగ్గా సగానికి పంచడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఆ నాలుగు కణాలు విడిపోయే తీరు అన్ని చెట్లలో ఒకటేనా?

కాదు. రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిదాన్ని అనుక్రమ విభజన అంటారు. మాతృకణం కేంద్రకం ఒకసారి చీలగానే మధ్యలో గోడ పడుతుంది, రెండు కణాలవుతాయి, తరవాత ఒక్కొక్కటీ మళ్లీ చీలుతుంది. రెండోది ఏకకాల విభజన. కేంద్రకం రెండుసార్లూ చీలేదాకా గోడ ఊసే ఉండదు, నాలుగు కేంద్రకాలూ సిద్ధమయ్యాక గోడలన్నీ ఒకేసారి లేస్తాయి.

ఏకదళబీజాల్లో ఎక్కువగా మొదటి పద్ధతి నడుస్తుంది. తాటి కుటుంబంలో మాత్రం రెండూ ఉన్నాయి. దీని ఫలితం నాలుగు కణాల అమరికలో తెలుస్తుంది. అనుక్రమ పద్ధతిలో అవి చాలాసార్లు ఒకే తలంలో చతురస్రంగానో, ఒక జంట మీద మరో జంట అడ్డంగానో సర్దుకుంటాయి. ఏకకాల పద్ధతిలో ప్రతి కణమూ మిగతా మూడింటినీ తాకేలా చతుర్ముఖి ఆకారం రావడానికి వీలుంటుంది. కణాలు ఎలా ఒరుసుకుని కూర్చున్నాయన్నది రేపు రేణువు మీద గాడి ఆకారాన్ని ప్రభావితం చేస్తుంది. సూక్ష్మదర్శిని కింద తయారైన రేణువును చూసి దాని పుట్టుక గురించి అంచనా వేయగలగడం దీనివల్లే.

రేణువు మీద ఆ పొడవాటి గాడి దేనికి?

తాటి కుటుంబపు పుప్పొడిలో ఎక్కువగా కనిపించేది పడవ ఆకారం, దాని మీద నిలువుగా ఒకే గాడి. ఆ గాడి దగ్గర గట్టి పైగోడ పలచగా ఉంటుంది. నాలుగు కణాలు కలిసి ఉన్నప్పుడు గుంపు మధ్యకు కాకుండా బయటి వైపుకు తిరిగి ఉన్న ముఖం మీద ఇది ఏర్పడుతుంది.

దీనికి రెండు పనులు. పరాగనాళం బయటికి వచ్చే దారి ఇదే. రేణువు ఎండిపోయేటప్పుడు ముడుచుకునే కీలు కూడా ఇదే. గాలి తగిలి నీరు తగ్గగానే గాడి అంచులు గొడుగు ముడిచినట్టు లోపలికి దగ్గరవుతాయి, తేమ పోయే దారి మూసుకుపోతుంది. కీలాగ్రం మీద తడి తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది. ఎండిన రేణువు సన్నగా పొడుగ్గా, తడిసిన రేణువు గుండ్రంగా కనిపించడానికి కారణం అదే. రెండు వేర్వేరు రకాల పుప్పొడి కలిసిపోయిందని కొత్తవాళ్లు కంగారు పడుతుంటారు, కలవలేదు.

మినహాయింపులూ ఉన్నాయి. ఆయిల్ పామ్ రేణువుల్లో మూడు కొమ్మల గాడి తరచుగా కనబడుతుంది. కొబ్బరిలో ఎక్కువగా ఒకే గాడి, అక్కడక్కడా మూడు కొమ్మలది. ఈ మూడు కొమ్మల ఆకారం సాధారణంగా ఏకకాల విభజన జరిగే చోటే వస్తుంది. పేము జాతుల్లో చాలావాటికి రెండు గాడులు. నీపాకైతే గాడి నడుము చుట్టూ పట్టీలా తిరుగుతుంది, ఒళ్లంతా ముళ్లు.

రేణువు గోడ దేనితో చేసింది?

పైగోడ స్పోరోపొలెనిన్‌తో, లోపలి గోడ సెల్యులోజ్, పెక్టిన్‌లతో. పైగోడకు తొలి నమూనా కణాలు నాలుగూ కాలోస్ లోపల ఉండగానే పడుతుంది. కాలోస్ కరిగి కణాలు విడివడ్డాక టపెటం పంపే పదార్థంతో అది గట్టిపడుతుంది.

స్పోరోపొలెనిన్ ఆమ్లాలకు, క్షారాలకు లొంగదు. సూక్ష్మజీవులూ దాన్ని తేలిగ్గా తినలేవు. అందుకే చెట్టు, పువ్వు ఏనాడో మట్టిలో కలిసిపోయినా పుప్పొడి రాళ్లలో మిగిలిపోతుంది. నీపా తరహా ముళ్ల రేణువులు డైనోసార్లు బతికిన క్రెటేషియస్ యుగం చివరి రాతి పొరల నుంచే దొరుకుతున్నాయి. ఇవాళ నీపా ఆసియా, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ తీరాల ఉప్పునీటి బురదల్లో మాత్రమే సహజంగా పెరుగుతుంది. ఒకప్పుడు ఐరోపా, అమెరికా తీరాల్లోనూ ఉండేదని చెప్పే సాక్ష్యాల్లో ఈ శిలాజ పుప్పొడి ఒకటి.

కణాలు విడివడ్డాక ఇంకేం జరుగుతుంది?

ఒంటరి కణం వేగంగా పెరుగుతుంది. లోపల పెద్ద రిక్తిక (ద్రవం నిండిన సంచి) ఏర్పడి కేంద్రకాన్ని ఒక పక్కకు నెట్టేస్తుంది. అక్కడే, గోడ వార, అది సమవిభజన చెందుతుంది. పేరుకు సమవిభజనే కానీ కణద్రవ్యం పంపకం సమానం కాదు. ఒకటి పెద్దది, ఒకటి బాగా చిన్నది. ఆ అసమానత లేకపోతే రెండు కణాలకు రెండు వేర్వేరు పనులు పడవు. చిన్న కణం కాసేపటికి గోడ వదిలి పెద్ద కణం లోపలికి జారిపోతుంది. తరవాత రేణువు పిండిపదార్థం, కొవ్వు, చక్కెరలు కూడబెట్టుకుని, చివరగా నీరు వదిలి నిద్రావస్థలోకి వెళుతుంది.

పరాగకోశం ఎలా పగులుతుంది?

ఎండోథీసియం కణాల గోడల్లో పట్టీల్లాంటి మందపాటి చారలు ఉంటాయి. కోశం ఎండేటప్పుడు ఈ చారలు ఒక పక్క లాగుతాయి, నిలువు చీలిక పడుతుంది. గాలిలో తేమ మరీ ఎక్కువగా ఉన్న రోజున ఈ ఎండడమే ఆలస్యమవుతుంది.

ఒకే పూగుత్తిలో మగ, ఆడ పూలు ఉంటే సొంత పుప్పొడే పడదా?

జాతిని బట్టి, రకాన్ని బట్టి. పొడవు కొబ్బరి రకాల్లో తొడుగు పగిలిన నాటి నుంచి మగ పూలు దాదాపు 20 రోజుల పాటు రోజూ కొన్ని చొప్పున విచ్చి రాలిపోతాయి. ఆడ పూలు పుప్పొడి అందుకునే స్థితికి వచ్చేది సాధారణంగా ఆ తరవాతే. కాబట్టి పుప్పొడి వేరే గుత్తి నుంచో వేరే చెట్టు నుంచో రావాలి. పొట్టి రకాల్లో ఈ రెండు దశలూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. అవి తరతరాలుగా ఒకేలా ఉండటానికి అదొక కారణం.

పోతుతాడి, పెంటితాడి అని ఎందుకు విడిపోయాయి?

తాడి, ఈత, ఖర్జూరాల్లో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పోతు చెట్టు కాయదు, పుప్పొడి మాత్రమే ఇస్తుంది. ఖర్జూరంలో దీని లోతు ఇటీవలే తెలిసింది. మొగ్గ తొలి దశలో ప్రతి పువ్వులోనూ మగ భాగాలైన కేసరాలు, ఆడ భాగాలైన అండకోశాలు రెండూ మొలకెత్తుతాయి, తరవాత ఒకటి ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో వెతుకుతూ ఖర్జూర ప్రజాతి మొత్తం జన్యువులను పోల్చిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. మగ చెట్లలోనే ఉండే మూడు జన్యువులను అది చూపించింది. వాటిలో సీవైపీ703, జీపాట్3 అనే రెండూ కేసరాల, పుప్పొడి ఎదుగుదలకు కావలసినవి. ఇతర మొక్కల్లో ఇవి చెడిపోతే పుప్పొడి గోడ సరిగ్గా కట్టుకోదు. మూడోది, లాగ్ కుటుంబపు జన్యువు, ఆడ భాగాన్ని అణిచేది కావచ్చని వాళ్ల ప్రతిపాదన. అంటే పెంటి చెట్టు పెంటిది కావడంలో ఒక భాగం పుప్పొడి తయారీ సరంజామాను పోగొట్టుకోవడమే. నా దృష్టిలో ఈ అంశం మొత్తంలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఫలితం ఇది.

కేసరాలు ఉండాల్సిన చోట కాయ తొనల్లాంటివి వచ్చాయి. రోగమా?

ఆయిల్ పామ్‌లో, అదీ కణజాల వర్ధనంతో పెంచిన మొక్కల్లో అయితే, ఇది చాలావరకు మాంటిల్డ్ అనే అసాధారణత. కేసరాలు అండకోశాల రూపం తీసుకుంటాయి. మగ పూలలో ఇలా జరిగితే పుప్పొడే ఉండదు. జన్యువు అక్షరాలు మారకుండానే ఇది వస్తుంది. పూల నిర్మాణాన్ని నడిపే ఒక జన్యువు లోపల కర్మ అనే సంచార డీఎన్ఏ ముక్క ఉంది. దాని మీద ఉండాల్సిన మిథైల్ గుర్తులు (డీఎన్ఏకు అంటుకుని ఉండే రసాయన గుర్తులు) చెరిగిపోవడమే మూలమని 2015లో తేలింది. మందు చల్లితే పోయేది కాదు.

పుప్పొడిని మోసేది గాలా, పురుగులా?

రెండూ, కానీ పురుగుల వాటాను చాలాకాలం తక్కువ అంచనా వేశారు. ఆయిల్ పామ్‌ను గాలి మీద ఆధారపడే చెట్టుగానే లెక్కగట్టేవారు. మలేషియా తోటల్లో చేత్తో పుప్పొడి చల్లించేవారు. 1981లో ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి ఎలీడోబియస్ కామెరూనికస్ అనే ముక్కుపురుగును తెచ్చి వదిలాక ఆ పని అవసరం చాలా తోటల్లో తీరిపోయింది. మగ గుత్తి విచ్చినప్పుడు సోంపు వాసన వస్తుంది. పురుగులు దానికే వస్తాయి, మగ పూల మీదే గుడ్లు పెడతాయి. ఆడ గుత్తి కూడా కాస్త అదే వాసన వదిలి వాటిని పిలిపించుకుంటుంది. అక్కడ వాటికి దక్కేదేమీ ఉండదు. టపెటం వదిలిన నూనె పూత రేణువులను పురుగు ఒంటికి అంటుకునేలా చేస్తుంది.

వేడి, కరువు పుప్పొడిని ఏ దశలో దెబ్బతీస్తాయి?

రెండు దశల్లో ఎక్కువగా. ఒకటి క్షయకరణ విభజన నుంచి కణాలు విడివడేదాకా, టపెటం పూర్తి పనిలో ఉన్నప్పుడు. రెండోది కీలాగ్రం మీద నాళం మొలిచేటప్పుడు. మొదటి దశ దెబ్బ కోశం పగిలేదాకా బయటపడదు. అప్పటికి సరిచేసేదేమీ ఉండదు. రెండో దశలో చలి కూడా శత్రువే. ఖర్జూరం పూత సమయంలో చలి ఎక్కువైతే మంచి పుప్పొడి వేసినా కాయ నిలవదు.

రంగు, వాసన చూసి పుప్పొడి బతికుందో లేదో చెప్పొచ్చా?

చెప్పలేం. చచ్చిన రేణువు కూడా పసుపుగా, పొడిగా, చక్కగానే ఉంటుంది. అసిటోకార్మిన్ రంగు వేసి చూడటం తేలిక పద్ధతి. ఖాళీ రేణువులు రంగు పట్టవు, నిండుగా ఉన్నవి ఎర్రబడతాయి. అయితే నిన్న చచ్చిన రేణువులోనూ పదార్థం ఉంటుంది, అదీ ఎర్రబడుతుంది. నమ్మదగింది మొలక పరీక్షే. చక్కెర, బోరిక్ ఆమ్లం, కాల్షియం లవణం కలిపిన ద్రావణంలో వేసి, కొన్ని గంటలయ్యాక నాళం వచ్చినవాటిని లెక్కించాలి. నాళం పొడవు రేణువు వెడల్పును మించితేనే మొలిచినట్టు. బోరాన్ లేకుండా పరీక్షిస్తే మంచి పుప్పొడి కూడా తప్పిపోతుంది, నాళాలు చివర పగిలిపోతాయి.

ఎంతకాలం నిల్వ ఉంటుంది?

మామూలు గది వేడిలో కొద్ది రోజులు, మహా అయితే కొన్ని వారాలు. బాగా ఆరబెట్టి గడ్డకట్టే చలిలో ఉంచిన ఖర్జూరం పుప్పొడిని మరుసటి ఏడాది పూతకు వాడుకుంటారు. కొబ్బరి పుప్పొడిని ద్రవ నైట్రోజన్‌లో, అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల దగ్గర, ఏళ్ల తరబడి దాచారు. అసలు మెలకువ ఆరబెట్టడంలో ఉంది. తడి మిగిలితే లోపల మంచు కట్టి కణం చీలిపోతుంది. వేడి ఎక్కువ పెట్టి తొందరగా ఆరబెడితే అలాగూ చస్తుంది.

పుప్పొడి ఏ చెట్టుదన్నది కాయ మీద కనిపిస్తుందా?

కనిపిస్తుంది. ఖర్జూరంలో మనం తినే గుజ్జు తల్లి కణజాలం. తండ్రి జన్యువులు అందులో ఉండవు. అయినా ఏ పోతు చెట్టు పుప్పొడి వేశారన్న దాన్ని బట్టి కాయ పరిమాణం, పండే సమయం మారతాయి. దీన్ని గమనించి 1928లో మెటాజీనియా అని పేరు పెట్టింది అమెరికా వృక్షశాస్త్రవేత్త వాల్టర్ స్వింగిల్. కొబ్బరిది మరో తీరు. అందులో నీరు, కొబ్బరి రెండూ అంకురచ్ఛదమే, అంటే గింజలోని పిండానికి తిండి అయ్యే భాగం. రెండో మగ బీజకణం తల్లివైపు రెండు కేంద్రకాలతో కలిస్తే అది పుడుతుంది. అంటే మనం తినే కొబ్బరిలో జన్యువుల్లో మూడోవంతు నేరుగా పుప్పొడి తెచ్చినవే.

ఈ పుప్పొడితో ఎలర్జీ వస్తుందా?

కొందరికి వస్తుంది, ముఖ్యంగా ఖర్జూర ప్రజాతి పుప్పొడితో. ముక్కు కారడం, కళ్ల దురద, ఆయాసం ఉంటే వైద్యుణ్ని కలవాలి.

ఈ దశలన్నీ స్వయంగా చూడాలంటే ఏ మొగ్గ తీసుకోవాలి?

విచ్చిన పూగుత్తి పనికిరాదు. కొబ్బరిలో తొడుగు పగలడానికి సుమారు 3 వారాల ముందు చాలా కోశాల్లో కణాలు విడివడి, ఒకే కేంద్రకంతో, తొలి సమవిభజనకు సిద్ధమవుతుంటాయి. ప్రయోగశాలల్లో పరాగకోశాల నుంచి ఏకస్థితిక (సగం క్రోమోజోములే ఉన్న) మొక్కలు పెంచాలనుకునేవాళ్లు ఆ దశకోసమే చూస్తారు. క్షయకరణ విభజన కావాలంటే అంతకంటే లేత గుత్తి తీసుకోవాలి. ఒక కొమ్మ మీది మగ మొగ్గలు చివరి నుంచి మొదలువైపుకు ముదురుతాయి కాబట్టి, ఒకే కొమ్మను మూడు నాలుగు ముక్కలుగా కోస్తే ముందు వెనకల దశలు దొరుకుతాయి. మొగ్గలను కోసిన వెంటనే మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచాలి. తరవాత ఒక కోశాన్ని స్లైడు మీద అసిటోకార్మిన్ చుక్కలో నలిపి, గాజు పలక కప్పి, కాస్త వెచ్చచేసి చూడాలి. నాలుగేసి కణాల గుంపులు కనిపిస్తే సరైన వేళకు వచ్చినట్టే. విడి రేణువులే ఉంటే ఇంకాస్త మొదలువైపు మొగ్గ తెరవండి.